పడుకుని చూసే తెర

లాప్‌టాప్ కొనేవాళ్ళంతా దాన్ని కూర్చుని చూస్తారు. బల్ల ఎత్తు, కుర్చీ ఎత్తు కుదిరిన చోట కూర్చుని, బొమ్మ భలేగా ఉందనుకుని, సంచిలో పెట్టించుకుని పోతారు. దాన్ని తయారుచేసినవాడు కూడా కూర్చునే చేసి ఉంటాడు. పడుకున్న మనిషి గోల ఎవడికి కావాలి?

నేను సోఫాలు కుట్టేవాణ్ణి. బడి మధ్యలోనే మానేసి సూదీ దారం పట్టుకున్నాను. ఊళ్ళోవాళ్ళు నడుం వాల్చడానికి స్పాంజి కోసి, గుడ్డ బిగించి, మేకులు కొట్టి ఇస్తూ వచ్చాను. నా ఇంట్లో మనిషి మాత్రం కూర్చోలేదు. మా ఆవిడకి వెన్నులో గడ్డ. కత్తి పెట్టడానికి వీల్లేని చోట ఉందన్నారు. తల ఎత్తకూడదన్నారు, పల్చటి దిండు తప్ప వాడొద్దన్నారు. ఏవో మందులు రాశారు. ఆ మందులకి గడ్డ కరగలేదు గాని మనిషి మారిపోయింది.

మారిపోయిందని ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు నాకు అంత తెలియలేదు. రోజూ చూసే మొహం ఎప్పుడు మారుతుంది? గోరు పెరగడం ఎవరైనా చూశారా? పక్కింటి ముసలాయన ఒకసారి పలకరించడానికి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి, "ఈవిడేనా?" అని నన్ను కళ్ళతో అడిగాడు. అప్పుడు చూశాను. బుగ్గలు ఉబ్బి కళ్ళని మింగేశాయి. గడ్డం మెడలో కలిసిపోయింది. జుట్టు పాయలు పాయలుగా ఊడి నుదురు నడినెత్తి దాకా పోయింది.

ఆ రోజే గదిలో నిలువుటద్దం తీసేశాను. "అంచు ఊడింది, బాగుచేయించి తెస్తా" అని చెప్పి, నా కొట్టుకి పట్టుకుపోయి, పాత గుడ్డల చుట్టల వెనక గోడకి మొహం తిప్పి పెట్టాను. ఇంట్లో స్టీలు గ్లాసులు తీసి ప్లాస్టిక్‌వి పెట్టాను. ఫోను తెర నల్లగా ఉన్నప్పుడు ఆవిడ వైపు తిప్పేవాణ్ణి కాదు. అద్దం ఏమైందని ఆవిడ ఒక్కసారీ అడగలేదు. అడగలేదు గనక మర్చిపోయిందనుకున్నాను. నా తెలివి అంత.

మా ఆవిడది అద్దాల బతుకు. ఆవిడకి బ్యూటీ పార్లర్ ఉంది. పెళ్ళికూతుళ్ళ మేకప్‌కి చుట్టుపక్కల పేరున్న చెయ్యి. పార్లర్లో ఆవిడకొక పద్ధతి ఉండేది. కుర్చీలో కూర్చున్న మనిషి మొహం కేసి చూసి లోపం చెప్పేది కాదు. అద్దంలోకి చూసి చెప్పేది. "ఈవిడకి కళ్ళ కింద కాస్త నలుపుంది, దాని సంగతి చూద్దాం" అనేది, ఆ ఈవిడ ఎవరో మూడో మనిషైనట్టు. కూర్చున్నావిడ కూడా నవ్వి, "చూడండి మరి, పాపం" అనేది. మొహం మీద చెబితే దెబ్బ, అద్దంలో చెబితే కబురు అని మా ఆవిడ సిద్ధాంతం.

ఆవిడ మంచాన పడ్డాక పార్లర్ని గువ్వ చూసుకుంటోంది. అది అసలు పేరు కాదు. సన్నగా, ఎప్పుడూ గునుస్తూ తిరుగుతుందని మా ఆవిడే పెట్టింది. ఇద్దరు పిల్లల తల్లి. చెయ్యి మంచిది గాని ధైర్యం తక్కువ. ప్రతి మొహానికీ "అక్కా, సరిపోయిందా?" అని అడగాలి. అందుకని పెళ్ళి మేకప్ ఉన్న రోజున వీడియోలో మా ఆవిడకి చూపించేది. మా ఆవిడకి గొంతు కూడా నీరసించింది. రంగుల పేర్లు గొణిగేది. మిగతాది చేత్తో చూపించేది. తన కనుబొమ్మ మీద వేలు పెట్టి పైకి గీసేది. తన బుగ్గ మీద వేలితో సున్నా చుట్టేది. అటువైపు గువ్వ చూసి అలాగే చేసేది.

రోజంతటిలో ఆవిడ మనిషిలా ఉండేది ఆ కాసేపే. మిగతా పొద్దంతా ఇంటి కప్పు.

ఆ కాసేపటికీ లాప్‌టాపే అడ్డమయింది. అది మా బావమరిది తన ఆఫీసులో కొత్తది ఇచ్చినప్పుడు మాకు పడేసిన పాతది. మంచానికి అడ్డంగా నేనొక చెక్క బల్ల కొట్టి దాని మీద పెట్టాను. నేను పక్కన నిలబడి చూస్తే బొమ్మ ఉంది. మా ఆవిడ కింది నుంచి చూస్తే లేదు. తెల్లటి మొహం బొగ్గయ్యేది, నల్లటి జుట్టు బూడిదయ్యేది, ఎర్ర పెదవులు నేరేడుపండు తిన్నట్టు ఉండేవి. మూత ముందుకు వంచితే కింద అక్షరాలుండే పలక అడ్డొచ్చేది, పైగా కెమెరాకి ఆవిడ అందేది కాదు. పైనుంచి వేలాడదీద్దామంటే, "నెత్తిన పడుతుందేమోనని గుండె దడగా ఉందయ్యా" అంది.

ఒకరోజు గువ్వ ఒక పెళ్ళికూతుర్ని చూపించింది. మా ఆవిడ కళ్ళు చికిలించి చాలాసేపు చూసి, "బుగ్గలకి ఇంకా ఎరుపు కావాలి" అంది. గువ్వ రాసింది. "ఇంకా" అంది. గువ్వ ఇంకా రాసింది. ఆ పిల్ల అద్దంలో చూసుకుని ఏడుపు. వాళ్ళమ్మ తిట్లు నాకూ వినిపించాయి: "మా పిల్లకి పెళ్ళనుకున్నారా, కోతి వేషమనుకున్నారా?"

ఆ సాయంత్రం మా ఆవిడ అంది: "ఇంక నన్ను అడగొద్దని గువ్వకి చెప్పెయ్. నాకు రంగు తెలియట్లేదు."

"నీకు తెలియకపోవడం కాదే, ఆ డబ్బాకి తెలియదు."

"ఏదైతేనేం. పనికిరానిది పక్కన పెట్టడమే."

లాప్‌టాప్‌ని అన్నదో తనని అన్నదో నేను అడగలేదు. మర్నాడు బావమరిదిని వెంటబెట్టుకుని, పాతది సంచిలో వేసుకుని లాప్‌టాప్‌లు అమ్మే కొట్టుకి వెళ్ళాను.

పెద్ద కొట్టు. గోడ పొడుగునా లాప్‌టాప్‌లు నోళ్ళు తెరుచుకుని వరసగా కూర్చున్నాయి. అన్నిట్లోనూ పూలు, కొండలు. మెడలో తాడుకి కార్డు వేలాడేసుకున్న అమ్మకపుమనిషి వచ్చి, "ఏ పని మీద వాడతారు సార్?" అన్నాడు.

"పడుకుని చూడటానికి."

"సినిమాలా సార్?"

"మొహాలు."

బావమరిది అందుకున్నాడు. "ఐపీఎస్ తెర చూపించండి. పక్క నుంచి చూసినా రంగు మారకూడదు." వాడు చదువుకున్నవాడు, మాట తెలుసు. వాడు చెప్పింది నిజమే కూడా.

"ఇదిగో సార్, ఇటు నుంచి చూడండి, అటు నుంచి చూడండి, ఎటు చూసినా ఒకటే" అంటూ అమ్మకపుమనిషి ఒకదాన్ని కుడికీ ఎడమకీ తిప్పాడు.

"కింది నుంచి?" అన్నాను.

"కింది నుంచి ఎవరు చూస్తారు సార్?" అని నవ్వాడు.

నేను చెప్పులు విప్పి నేల మీద పడుకున్నాను.

ఎవరో చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నావిడ గబుక్కున పక్కకి జరిగింది. హెడ్‌ఫోన్లు చూస్తున్న ఒక కుర్రాడు, "అంకుల్, పరుపుల కొట్టు పక్క సందులో" అన్నాడు. వాడి స్నేహితులు పగలబడ్డారు.

"లే బావా! పరువు పోతోంది" అన్నాడు బావమరిది పళ్ళ మధ్య నుంచి.

"నీ పరువు నిలబడే ఉందిగా. పడుకున్నది నాది. ఆ రెండోది ఇలా వంచు."

వంచాడు. తెరలో ఉన్న ఆడమనిషి మొహం మాడిన గిన్నె అడుగులా అయింది. వద్దన్నాను. మూడోదానిలో మొహం పాలిపోయింది. వద్దన్నాను. నాలుగోది బాగుంది, మొహం మొహంలాగే ఉంది. కాని దాని తెర నున్నగా, గాజులా మెరుస్తోంది. బొమ్మ చీకటిగా మారినప్పుడల్లా అందులో కప్పు మీది ట్యూబ్‌లైట్లు, వాటి కింద నేల మీద పడున్న ఒక బట్టతల మనిషి. నేనే.

"ఇది వద్దు" అన్నాను.

"ఇదే బెస్ట్ సార్. రంగులు చూశారా, కొరుక్కుతినొచ్చు."

"అద్దంలా ఉంది. అద్దం వద్దు. మెరవనిది చూపించు."

"ఏం బావా, దాని అందం నువ్వు తట్టుకోలేనంతగా ఉందా?" అన్నాడు బావమరిది. వాడికి అద్దం సంగతి తెలియదు. వాడికే కాదు, ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పను? మీ అక్క మొహాన్ని మీ అక్కకి చూపించకుండా దాచానురా అనా?

చివరికి మూలనున్న ఒకటి దొరికింది. తెర మసకగా, సుద్దముక్కతో రుద్దినట్టు ఉంది. ఏ లైటూ అందులో కనిపించదు. కింది నుంచి చూశాను, పక్కకి దొర్లి చూశాను, దాదాపు దాని గడ్డం కిందికి దూరి చూశాను. తెల్ల పువ్వు తెల్లగానే ఉంది. ఎర్రది ఎర్రగానే ఉంది. లేచి బట్టలు దులుపుకున్నాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో మా ఆవిడ కోసం ఒక వస్తువు ఇంత శ్రద్ధగా ఏరలేదు. చీర కొన్నా రంగు చూడకుండా కొనేవాణ్ణి, ఆవిడే మార్చుకునేది. పాత లాప్‌టాప్‌ని కొట్టువాళ్ళే తీసుకున్నారు. ఇంట్లో ఎందుకులెమ్మని వదిలేశాను.

దారిలో బావమరిది, "అక్క సంతోషిస్తుంది బావా" అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను. చాలా రోజుల తర్వాత ఈల వేసినట్టు కూడా గుర్తు.

మర్నాడే ఒక పెళ్ళి మేకప్ ఉంది. బల్ల మీద కొత్తది పెట్టి, కొద్దిగా వంచి, గువ్వని కలిపాను. మా ఆవిడ చూసింది. చూసి, "ఓసి నీ" అంది. ఆ రెండు మాటలకే నా కడుపు నిండిపోయింది.

"ఏంటక్కా?" అంది గువ్వ అటువైపు నుంచి.

"ఎన్నాళ్ళకి కనిపించావే! ఆ జాకెట్టు ఎవత్తి కుట్టింది? భుజం దగ్గర ఆ ముడతేంటి?"

"వచ్చీ రాగానే నా మీద పడతావేంటక్కా! బావగారూ, కాస్త చెప్పండి."

"నాకేం తెలుసు, నేను సోఫాలకి కుట్టేవాణ్ణి. అవి ముడతలు పడ్డా అరవవు" అన్నాను.

మా ఆవిడ నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక పనిలోకి దిగింది. పెళ్ళికూతురు కూర్చుంది. చామనఛాయ పిల్ల, కంగారుగా ఉంది. మా ఆవిడ గొణుగుతోంది, గువ్వ చేస్తోంది. "ముక్కు పక్కన తగ్గించు. తెల్లగా కొట్టకు, ఆ పిల్ల రంగు బంగారంలా ఉంది, దాన్నే పైకి తీసుకురా. ఎడమ కనుబొమ్మ ఇంకొంచెం పైకి. చాలు. కిందికి రా. పెదవి అంచు. అదీ." ఆ మొహం కళ్ళ ముందే తయారవుతోంది. నేను గోడకి ఆనుకుని చూస్తున్నాను. మా ఆవిడ చెయ్యి అంతకుముందు వణికేది. ఆ రోజు వణకలేదు.

అప్పుడు ఆగింది. తెరలో కింది మూలకి చూసింది.

"గువ్వా, ఆ మూల కూర్చున్నావిడ ఎవరే?"

గువ్వ చేతిలో బ్రష్షు గాల్లో ఆగింది. "ఎవరక్కా?"

"అదేనే, ఆ పెద్దావిడ. పెళ్ళివారి తాలూకా? ఆవిడకీ మేకప్ అన్నారా?"

నాకు ఇంకా బోధపడలేదు. నేను నిలబడ్డ చోటు నుంచి వంగి చూశాను. కింది మూలన చిన్న పెట్టెలో మా ఆవిడ ఉంది. ఇటువైపు కెమెరా తీసిన బొమ్మ. పాతదానిలో కూడా ఆ పెట్టె ఉండేది. కింది నుంచి చూసే మనిషికి అది నల్లటి మరక, అంతే. ఈ కొత్త తెర నేను కోరినట్టే పనిచేస్తోంది. ఏ మూలా చీకటి లేదు.

"ఆవిడకి ఇవాళ ఏమీ రాయకు" అంటోంది మా ఆవిడ. పార్లర్లో అద్దంలోకి చూసి మాట్లాడే గొంతు అది. "మొహమంతా నీరు పట్టింది, చూడు. మందుల వాపు అది. దాని మీద పూస్తే అట్టలు కట్టి పగుళ్ళొస్తాయి. పాపం, జుట్టు కూడా పోయినట్టుంది. మొహం మీద చెప్పకే, బాధపడుతుంది. డాక్టర్ని అడిగి రమ్మని మెల్లిగా..."

"అక్కా" అంది గువ్వ. ఆ పిలుపులో ఏడుపుంది.

"వినిపించిందేమిటి ఆవిడకి?" అంటూ మా ఆవిడ వేలు ఎత్తి పెదవుల మీద పెట్టుకుంది, గువ్వని ఊరుకోమన్నట్టు.

మూలనున్న ఆవిడ కూడా వేలు ఎత్తి పెదవుల మీద పెట్టుకుంది.

నేను ఒక్క అంగలో వెళ్ళి మూత మూసేశాను. ఆలస్యమయింది. మా ఆవిడ వేలు ఇంకా పెదవుల మీదే ఉంది. కాసేపటికి ఆ వేలు కదిలి బుగ్గ మీదికి వచ్చింది. నొక్కి చూసుకుంది. నొక్కిన చోట గుంట పడి, నెమ్మదిగా పూడింది. తర్వాత చెయ్యి నుదురు దాటి, జుట్టు మొదలవ్వాల్సిన చోటు కోసం వెతికింది. ఎంతసేపు వెతికిందో.

"అద్దం అంచు ఊడలేదు కదూ?" అంది.

ఊడలేదన్నట్టు తల ఊపాను.

"గువ్వ ఇన్నాళ్ళూ నన్ను ఇలాగే చూస్తోందా?"

"అది ఏమీ అనుకోదే."

"అనుకోదు. పెళ్ళికూతుళ్ళు?"

"వాళ్ళకి నువ్వెక్కడ పడతావు, వాళ్ళ మొహం గొడవ వాళ్ళది."

"నేను చెయ్యి పైకెత్తి కనుబొమ్మ చూపిస్తుంటే..." అని ఆగింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడిస్తే బాగుండేది. కప్పు వైపు చూస్తూ ఉండిపోయింది.

నేను బయటికి వచ్చి బావమరిదికి ఫోను చేశాను. జరిగింది చెప్పాను. "అయ్యో బావా. ఆ పెట్టెని దాచెయ్యొచ్చు. ఒక్క నొక్కు."

"ఆ నొక్కేదో ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

"నువ్వు అడిగితేగా! అద్దం దాచిపెట్టావని నాకేం కలొచ్చిందా?"

వాడి మీద అరిచాను. వాడి చదువుని తిట్టాను, వాడి ఆఫీసుని తిట్టాను. వాడు పడ్డాడు. వాడి అక్కే కదా. చివరికి ఎక్కడ నొక్కాలో నెమ్మదిగా చెప్పాడు.

మర్నాడు గువ్వ మళ్ళీ కలిపినప్పుడు ఆ పెట్టెని తీసేసి, బల్లని మంచం మీదికి జరిపి, "చూడు, ఇప్పుడు లేదు. గువ్వ ఒక్కతే ఉంది" అన్నాను.

మా ఆవిడ తెరకేసి చూడలేదు. నా కేసి చూసింది. "నాకు లేదు. వాళ్ళకి ఉందిగా" అంది.

"అక్కా, నాకు భయంగా ఉందక్కా, ఒక్కసారి చూడు" అని అటువైపు నుంచి గువ్వ బతిమాలుతోంది. మా ఆవిడ కళ్ళు మూసుకుంది. "నీకు చెయ్యి ఉందే. అద్దంలో చూసుకుని చేసుకో" అంది. అదే గువ్వతో ఆఖరి మాట. తర్వాత గువ్వ స్వయంగా ఇంటికి వచ్చింది. నిద్రపోతున్నానని చెప్పమంది మా ఆవిడ. గువ్వ గుమ్మం అవతలే కాసేపు కూర్చుని, పిల్లలు బడి నుంచి వచ్చే వేళయిందని లేచిపోయింది. లోపల మా ఆవిడ మేలుకునే ఉందని దానికీ తెలుసు.

ఇంకోరోజు, "ఆ పాతదే పెట్టు. అందులో అయితే ఎవరి మొహమూ ఉండదు" అంది. పరుగెత్తాను. కొట్టులో అదే అమ్మకపుమనిషి నన్ను గుర్తుపట్టి, "మళ్ళీ పడుకుంటారా సార్?" అని నవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు. పాతదాన్ని విప్పి సామాను వేరుచేసేశారట. "అలాంటి తెర ఇంకొకటి ఉంటే ఇవ్వు. కింది నుంచి చూస్తే నల్లబడేది" అన్నాను. "అదీ అమ్ముడుపోయింది, అలాంటివి ఇంక రావు. దాన్నే కదా సార్ మీరు వద్దన్నది" అన్నాడు. అవును. నేలమీద పడుకుని మరీ వద్దన్నాను.

ఇంటికొచ్చి, అవి దొరకవట అని చెప్పాను. "పోనీలే" అంది. కొంచెం ఆగి, "కిటికీ మూసెయ్" అంది.

మూశాను. అద్దాల కిటికీ, వెలుగు ఆగలేదు. "ఇంకా వెలుతురొస్తోంది" అంది. కర్టెన్ లాగాను. "ఇంకా" అంది. నా కొట్టుకి వెళ్ళి సోఫా అడుగున వేసే దళసరి నల్ల గుడ్డ తెచ్చాను. దాన్ని రెండు మడతలు వేసి కిటికీ చట్రానికి మేకులు కొట్టాను. పనివాణ్ణి కదా, వద్దనుకున్నా చెయ్యి సరిగ్గానే కొడుతుంది. గుడ్డ ముడత లేకుండా బిగిసింది. సూది మొనంత వెలుగు కూడా రాలేదు.

"ఇప్పుడు బాగుంది" అంది మా ఆవిడ, చీకట్లో.

"తింటావా?"

"లైటు వెయ్యనంటే తింటాను. నువ్వు కూడా చూడొద్దు."

"నేను ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాగా."

"అందుకే" అంది.

మధ్యాహ్నం, వీధిలో జనం తిరుగుతున్న చప్పుడు. లోపల నాకు నా చెయ్యి కనిపించదు. జావ గిన్నె ఒళ్ళో పెట్టుకుని చెంచా ముంచి, అంచనా మీద ముందుకు పెట్టాను. దేనికో తగిలింది. జావ ఒలికిన చప్పుడు.

"బుగ్గ అది" అంది. "ఇంకొంచెం ఎడమకి."

జరిపాను.

"కిందికి రా. ఇంకొంచెం. చాలు."